నలుసంత బంగారం చేసే పని

బంగారాన్ని ఎర్రగా నేను మొదటిసారి చూసింది ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో, ఓ చిన్న గాజు ఫ్లాస్కులో. బంగారాన్ని ఆక్వా రీజియాలో, అంటే నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమంలో కరిగిస్తే క్లోరోఆరిక్ ఆమ్లం వస్తుంది. దాన్ని నీళ్లలో కలిపితే పల్చటి నిమ్మరసంలా లేత పసుపుగా ఉంటుంది. అది సలసలా మరుగుతుండగా ట్రైసోడియం సిట్రేట్ ద్రావణాన్ని ఒక్కసారిగా పోయాలి. ముందు పసుపు పోయి నీళ్లు తేటపడతాయి. కాసేపు ఏమీ జరగదు, పాడైపోయిందేమో అనిపిస్తుంది. అంతలో మబ్బు కమ్మినట్టు బూడిద రంగు వస్తుంది, తర్వాత నీలం, ఊదా. కొన్ని నిమిషాలకు దానిమ్మ రసం లాంటి ఎరుపు దగ్గర ఆగిపోతుంది. 1951లో టర్కెవిచ్ బృందం వివరంగా రాసిపెట్టిన ఈ పద్ధతినే ఇప్పటికీ కాలేజీ ల్యాబుల్లో చేయిస్తారు. ఆ ఎరుపులో తేలుతున్నవి ఇంచుమించు 15, 20 నానోమీటర్ల బంగారు నలుసులు. మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క నానోమీటర్.

మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే నా ద్రావణం నీలంగా మారి ఉంది. ఫ్లాస్కు అడుగున సన్నటి నల్లటి మడ్డి. మా సీనియర్ అక్క ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "బోరు నీళ్లతో కడిగావు కదూ?" అంది. నిజమే. బోరు నీళ్లలోని లవణాలు గాజుకు అంటుకుని మిగిలిపోయాయి. సిట్రేట్ అయాన్లు ప్రతి నలుసు చుట్టూ ఒక రుణావేశపు పొరగా ఉండి, ఒకదాన్నొకటి తాకకుండా కాపలా కాస్తాయి. లవణం తగిలితే ఆ కాపలా సడలుతుంది. నలుసులు ఒకదానికొకటి అతుక్కుని గుంపులవుతాయి, రంగు నీలానికి తిరుగుతుంది, చివరికి అడుగున పడతాయి.

పది నిమిషాల్లో తయారైన నలుసులు ఒక్క రాత్రి నిలవలేదు. మైకేల్ ఫెరడే 1857లో లండన్ రాయల్ సొసైటీలో బంగారు ద్రావణాల రంగు గురించి ఉపన్యాసం ఇచ్చాడు. ఆయన చేతులతో చేసిన సీసాలు కొన్ని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నేటికీ ఎర్రగానే ఉన్నాయి. నోబుల్ లోహాల, అంటే గాలికీ నీటికీ తేలిగ్గా లొంగని బంగారం, వెండి, ప్లాటినం లాంటి లోహాల నానోకణాల గురించి నాకు తెలిసినదంతా ఈ తేడా చుట్టూనే తిరుగుతుంది. చిన్న నలుసు చేయడం ఇప్పుడు పెద్ద విద్య కాదు. పని చేస్తున్నంతకాలం దాన్ని చిన్నగా ఉంచడమే విద్య. కారు సైలెన్సర్ నుంచి నీళ్ల ఫిల్టర్ దాకా, మందుల ఫ్యాక్టరీ దాకా, ఈ లోహాలు పనికొచ్చిన ప్రతిచోటా ఆ నలుసు వెనక దాన్ని పట్టి ఉంచే ఇంకో పదార్థం ఉంటుంది. పేరు లోహానికి వస్తుంది, సగం పని దానిది.

పెనం, పిండి

చర్యను వేగంగా జరిపించి తాను ఖర్చు కాకుండా మిగిలేది ఉత్ప్రేరకం అని బడిలో చదువుకున్నాం. అదెలా చేస్తుందో ఆ నిర్వచనం చెప్పదు. అందుకు దోసె పెనం దగ్గరకు రావాలి.

కొత్త ఇనప పెనం మీద పిండి పోస్తే అతుక్కుపోతుంది, అట్లకాడతో గీకినా సరిగా రాదు. నూనె మరీ ఎక్కువైతే గరిటె తిప్పుతుంటే పిండి జారిపోతుంది, పరుచుకోదు. ఏళ్ల తరబడి వాడి నల్లబడిన పెనం మాత్రం పిండిని కావలసినంతసేపు పట్టుకుని, కాలగానే వదిలేస్తుంది. మంచి ఉత్ప్రేరకం పద్ధతి కూడా ఇదే. అణువు వచ్చి లోహం మీద కూర్చోవాలి, దాని బంధాలు కాస్త సడలాలి, పక్కన కూర్చున్న ఇంకో అణువుతో కలవాలి, కలిశాక లేచి వెళ్లిపోవాలి. పట్టు మరీ గట్టిదైనా నష్టమే, మరీ పలచనైనా నష్టమే. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పాల్ సబాతియే పేరుతో ఈ సూత్రం చెప్పుకుంటాం. ఆయనకు 1912లో నోబెల్ వచ్చింది.

ఆక్సిజన్ విషయంలో టంగ్‌స్టన్ లాంటి లోహాలు కొత్త పెనాలు. పట్టుకున్నాయంటే వదలవు. ప్లాటినం, పల్లాడియం, రోడియం వాడిన పెనాలు. బంగారం నూనె ఎక్కువైన పెనం. ఆక్సిజన్, హైడ్రోజన్ దాని మీద కూర్చుని విడిపోవు, జారిపోతాయి. అమ్మమ్మల నాటి కాసులపేరు ఇవాళ్టికీ మెరిసేది ఇందుకే. ఎలక్ట్రాన్ల లెక్కలతో ఇలా ఎందుకు అవుతుందో 1995లో డెన్మార్క్‌లో హామర్, నోర్‌స్కోవ్ వివరించారు. అయితే పిండిని బట్టి పెనం మారుతుందని మరచిపోకూడదు. అమ్మోనియా తయారీకి ఇప్పటికీ ఇనుమే వాడతారు, అక్కడ ప్లాటినం అవసరం రాలేదు.

ప్లాటినం సంగతి పాతదే. 1823లో జర్మనీలో డోబరైనర్ స్పాంజిలా చేసిన ప్లాటినం మీదకు హైడ్రోజన్ ధారను వదిలితే, నిప్పు చూపించకుండానే అది భగ్గున మండింది. దాన్నే దీపం వెలిగించుకునే పరికరంగా చేసి అమ్మారు. ఇలాంటి సంగతులన్నీ చూశాక 1835లో బెర్జీలియస్ 'క్యాటలిసిస్' అనే మాట పెట్టాడు. బంగారం మాత్రం పనికిరానిదనే ముద్రతో ఇంకో నూట యాభై ఏళ్లు గడిపింది.

గ్రాము బంగారం, డెబ్బై నాలుగు గజాలు

ఒక గ్రాము బంగారాన్ని ఒకే ఘనంగా చేస్తే దాని ఒంటి మీద ఉండే చోటు ఒక చదరపు సెంటీమీటరు కూడా రాదు, చిటికెన వేలి గోరంత. అదే గ్రామును 5 నానోమీటర్ల ఘనాలుగా కోస్తే ఆ చోటు 62 చదరపు మీటర్లవుతుంది. మన లెక్కలో 74 గజాలు. చర్య జరిగేది ఉపరితలం మీదే కాబట్టి, ఖరీదైన లోహాన్ని చిన్నది చేయడానికి ఈ ఒక్క కారణమే చాలనిపిస్తుంది. లోపల దాగిన పరమాణువు గాలి మొహం చూడదు, దానికి పెట్టిన డబ్బు దండగ.

కానీ విషయం విస్తీర్ణంతో ఆగదు. లడ్డూలు పేర్చినట్టు పరమాణువులను ఒక మధ్య పరమాణువు చుట్టూ పేర్చుకుంటూ వెళితే, మొదటి పొరతో 13 అవుతాయి, వాటిలో 12 బయటే ఉంటాయి. రెండో పొరతో 55, బయట 42. నాలుగో పొరతో 309, బయట 162. బయట ఉన్నవన్నీ ఒకలాంటివీ కావు. బంగారం లోపలి పరమాణువుకు చుట్టూ 12 మంది ఇరుగుపొరుగు ఉంటారు. నున్నటి ముఖం మీది పరమాణువుకు 9 మంది. అంచు మీద అయితే 7, మూల మీద 5. పొరుగు తగ్గినకొద్దీ ఆ పరమాణువుకు ఖాళీ చెయ్యి ఎక్కువ, వచ్చిన అణువును పట్టుకునే శక్తి ఎక్కువ. కణం పెద్దదైతే ముఖాలు పెరుగుతాయి, చిన్నదైనకొద్దీ అంచులు, మూలలు పెరుగుతాయి. అంటే చిన్న బంగారం అంటే ఎక్కువ విస్తీర్ణం ఉన్న అదే బంగారం అనుకోవడానికి లేదు. దాని గుణమే మారుతుంది, జారే పెనం పట్టే పెనం అవుతుంది.

ఇది ప్రయోగంలో చూపించినవాడు జపాన్ శాస్త్రవేత్త మసతాకే హరుతా. ఒసాకాలోని ప్రభుత్వ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ, ఐరన్ ఆక్సైడ్ లాంటి ఆక్సైడ్ల మీద బంగారాన్ని అతి చిన్న నలుసులుగా కూర్చాడు. ఆ పొడి మీదుగా కార్బన్ మోనాక్సైడ్‌ను, ఆక్సిజన్‌ను పంపితే సున్నాకు 70 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా కార్బన్ డయాక్సైడ్ అయిపోయింది. 1987లో వచ్చిన ఈ ఫలితం చదివినవాళ్లు నమ్మలేకపోయారు, ఎందుకంటే అంత చలిలో ప్లాటినం కూడా ఆ పని చేయదు. కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినాన్ని గట్టిగా పట్టుకుని ఆక్సిజన్‌కు చోటివ్వదు.

అంతకు ముందువాళ్లకు ఇది ఎందుకు దొరకలేదు? వాళ్లూ బంగారాన్ని ఆక్సైడ్ల మీద వేశారు. కానీ బంగారపు ద్రావణంలో ఆక్సైడ్‌ను నానబెట్టి, ఆరబెట్టి, వేడిచేశారు. ద్రావణంలోని క్లోరైడ్ అక్కడే మిగిలిపోయింది. వేడి తగలగానే క్లోరైడ్ సాయంతో బంగారం కదిలి, పెద్ద ఉండలు కట్టింది. హరుతా ఇనుమును, బంగారాన్ని ఒకే ద్రావణం నుంచి కలిపి అవక్షేపించి, క్లోరైడ్ పోయేలా బాగా కడిగాడు. నా ఫ్లాస్కులో బోరు నీళ్ల ఉప్పు చేసిన పనికి, ఆ క్లోరైడ్ చేసిన పనికి దారులు వేరు, ముగింపు ఒకటే.

ఆ తర్వాత పదేళ్లు 'అసలు పని ఎవరిది' అన్న వాదం నడిచింది. 1998లో టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్ బృందం టైటానియం డయాక్సైడ్ మీద బంగారు దీవులను కొలిచి, సుమారు మూడున్నర నానోమీటర్ల దగ్గర చురుకుదనం శిఖరానికి చేరుతుందని చూపింది. అంతకంటే చిన్నవైనా తగ్గుతుంది, పెద్దవైనా తగ్గుతుంది. బంగారం, ఆక్సైడ్ కలిసే గట్టు మీదే చర్య ఎక్కువగా జరుగుతుందని చెప్పే ఆధారాలు ఎన్నో వచ్చాయి. చెరువు గట్టున పచ్చదనం ఉన్నట్టు అన్నమాట. కార్బన్ మోనాక్సైడ్ బంగారం మీద కూర్చుంటుంది, ఆక్సిజన్ ఆ గట్టు దగ్గర సిద్ధమవుతుంది. బంగారాన్ని మోసే ఆక్సైడ్‌ను ఉత్త బల్లగా చూడకూడదని నేను అనేది ఇందుకే.

సైలెన్సర్ లోపల

అంత గొప్ప బంగారాన్ని కారు సైలెన్సర్‌లో ఎందుకు పెట్టరు? వేడికి నిలవదు గనక. పెద్ద ముక్కగా ఉన్న బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. రెండు మూడు నానోమీటర్ల నలుసు దానికి వందల డిగ్రీలు ముందే కరుగుతుంది. కరగనక్కర్లేదు కూడా. కెల్విన్‌లో చెప్పే ద్రవీభవన ఉష్ణోగ్రతలో సగం దాటితే లోహపు పరమాణువులు చెప్పుకోదగ్గట్టు కదలడం మొదలుపెడతాయని ఒక మోటు లెక్క ఉంది. బంగారానికి ఆ సగం 395 డిగ్రీల సెల్సియస్ దగ్గర వస్తుంది, ప్లాటినానికి 750 దగ్గర. పెట్రోలు ఇంజిన్ పొగ బంగారం గీతను తేలిగ్గా దాటేస్తుంది. పులుసు మీద తేలే నూనె చుక్కలను చూడండి. కాసేపు వదిలేస్తే చిన్నవన్నీ చేరి నాలుగు పెద్ద చుక్కలవుతాయి. వేడిలో నానోకణాలు చేసేది అదే, దాన్ని సింటరింగ్ అంటారు.

కారు పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కోసి చూస్తే తేనెపట్టు లాంటి పింగాణీ ఇటుక కనిపిస్తుంది, సన్నటి నిలువు గదులతో. ఆ గదుల గోడలకు అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పూత. ఆ పూత నిండా కంటికి కనపడని గుంటలు, ఆ గుంటల్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం నలుసులు. మొత్తం కలిపి చూస్తే కొన్ని గ్రాములే. ప్లాటినం, పల్లాడియం కార్బన్ మోనాక్సైడ్‌ను, కాలని పెట్రోలు ఆవిరిని ఆక్సిజన్‌తో కలుపుతాయి. రోడియం నైట్రిక్ ఆక్సైడ్‌ను విడగొట్టి నైట్రోజన్‌గా వదులుతుంది. ఒకదానికి ఆక్సిజన్ కావాలి, ఇంకోదానికి ఆక్సిజన్ ఉండకూడదు. ఈ రెంటినీ ఒకే గదిలో జరిపించేది సీరియం ఆక్సైడ్. పొగలో ఆక్సిజన్ ఎక్కువైతే తనలో దాచుకుంటుంది, తక్కువైతే తీసి ఇస్తుంది. దీని పేరు కారు కొన్నవాళ్లెవరూ విని ఉండరు, అది లేకపోతే మాత్రం ఆ మూడు లోహాలూ చేతులెత్తేస్తాయి.

మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు. దానికి జోడీగా సీసం లేని పెట్రోలు తేవలసి వచ్చింది. సీసం లోహపు నలుసు మీద కూర్చుందంటే ఇక లేవదు, పెనం మీద మాడిన పిండిలా. 2000 నాటికి దేశమంతా సీసం లేని పెట్రోలే అయింది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్లలో కన్వర్టర్ మీద భారం ఇంకా పెరిగింది. పిల్లల రక్తంలోకి సీసం చేరకుండా ఆగడానికి నలుసును కాపాడుకోవలసిన అవసరం కూడా ఒక కారణమైందన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగించే సంగతి.

సింటరింగ్‌కు ఒక అందమైన విరుగుడు జపాన్‌లో దొరికింది. 2002లో దైహత్సు కార్ల కంపెనీ ఇంజనీర్లు, వారి సహచరులు పల్లాడియాన్ని పెరోవ్‌స్కైట్ అనే ఆక్సైడ్ స్ఫటికంలోకే ఎక్కించారు. పొగలో ఆక్సిజన్ ఎక్కువున్నప్పుడు పల్లాడియం స్ఫటికం లోపలికి వెళ్లి అక్కడి వరసలో నిలబడుతుంది. ఆక్సిజన్ తగ్గగానే చిన్న నలుసుగా బయటికి వస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పొగ ఈ రెండు స్థితుల మధ్య ఊగుతూనే ఉంటుంది గనక, నలుసు ఉండ కట్టేలోపే మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. పొద్దంతా పొలంలో తిరిగిన కోళ్లు చీకటి పడగానే గూటికి చేరినట్టు.

నలుసు అనుకున్నది నలుసు కాదు

పొలాల్లో, ఇళ్లలో వాడే పీవీసీ పైపు వినైల్ క్లోరైడ్ నుంచి వస్తుంది. చైనాలో దాన్ని పెద్దఎత్తున బొగ్గు నుంచి చేస్తారు: బొగ్గు, సున్నం కలిపి కార్బైడ్, కార్బైడ్ నుంచి ఎసిటిలిన్, ఎసిటిలిన్‌కు హైడ్రోజన్ క్లోరైడ్. ఈ చివరి మెట్టుకు ఉత్ప్రేరకం బొగ్గుపొడి మీద వేసిన మెర్క్యురిక్ క్లోరైడ్. అది వేడికి ఆవిరై పోతూ ఉంటుంది, అంటే పాదరసం వాతావరణంలోకి. 1985లో బ్రిటన్ శాస్త్రవేత్త గ్రాహం హచింగ్స్ లోహాల ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ (లోహపు అయాన్లు ఎలక్ట్రాన్లను తీసుకునే మొగ్గు) చూసి, ఈ పనికి అన్నిటికంటే బాగా పనికొచ్చేది బంగారమని ముందే లెక్క కట్టి చెప్పాడు. చేసి చూస్తే నిజమే అయింది. 2013లో మినమాటా అంతర్జాతీయ ఒప్పందం పాదరసం వాడకం మీద అంకుశం పెట్టాక బంగారపు ఉత్ప్రేరకం ఫ్యాక్టరీల్లోకి వెళ్లింది.

చాలాకాలం అందరూ ఇక్కడ కూడా నానోకణాలే పని చేస్తున్నాయనుకున్నారు. 2017లో చర్య జరుగుతుండగానే ఎక్స్‌రేలతో చూస్తే, బొగ్గు మీద విడివిడిగా కూర్చున్న ఒక్కొక్క బంగారు అయానే పని చేస్తోందని తేలింది. అవి చేరి నలుసులైతే పని ఆగిపోతోంది. ఇక్కడ నలుసు పనివాడు కాదు, పనివాడి శవం. అంతకు ముందే, 2011లో చైనాలో ఝాంగ్ తావో బృందం ఐరన్ ఆక్సైడ్ మీద ఒంటరి ప్లాటినం పరమాణువులను నిలబెట్టి, 'సింగిల్ ఆటమ్' ఉత్ప్రేరకాల దారి తెరిచింది. లోహంలో ఒక్క పరమాణువూ వృథా కాకూడదన్న కోరికకు అది ఆఖరి మెట్టు. నిలబెట్టడం మాత్రం ఇంకా కష్టం. ఒంటరి పరమాణువుకు ఏ తోడు దొరికినా అతుక్కోవాలనే ఉంటుంది.

ఊక బూడిదలో వెండి

నలుసును మోసే పదార్థం ముందుకొచ్చి, ఇద్దరూ కలిసి ఒక కొత్త పదార్థమైతే దాన్ని నానోకాంపోజిట్ అంటాం. దీనికి వెండి కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు.

పసిబిడ్డకు వెండి ఉగ్గుగిన్నె ఇవ్వడం మనవాళ్లకు అలవాటు. వెండి నుంచి నీళ్లలోకి దిగే వెండి అయాన్లు బాక్టీరియా ప్రొటీన్లలోని సల్ఫర్ గుంపులను పట్టుకుని వాటి పని ఆపేస్తాయి. గిన్నె నుంచి దిగేది చాలా తక్కువ. నలుసు చేస్తే విస్తీర్ణం పెరిగి అయాన్లు ఎక్కువ దిగుతాయి. ఇక్కడే చిక్కు. విడి నలుసులను నీళ్లలో వదిలితే అవి తాగేవాళ్ల కడుపులోకి పోతాయి. పోనీ ఏదైనా గుడ్డకో ఇసుకకో అంటిస్తే, మామూలు నీళ్లలోని కార్బొనేట్లు, సిలికేట్లు కొద్దిరోజులకే వెండి మీద పొరలా పేరుకుని అయాన్లు దిగకుండా చేస్తాయి. గీజర్ రాడ్‌కు పట్టే తెల్లటి పెచ్చు లాంటిదే.

మద్రాసు ఐఐటీలో తలప్పిల్ ప్రదీప్ బృందం ఈ చిక్కు విప్పింది. రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌ను, అల్యూమినియం ఆక్సీహైడ్రాక్సైడ్‌ను కలిపి ఒక పంజరం అల్లి, అందులో వెండి నలుసులను పుట్టించారు. అంతా నీళ్లలో, గది వేడిమికి అటూ ఇటూగా. ఆరాక ఇసుక లాంటి పలుకులవుతుంది. 2013లో ప్రచురించిన వివరాల ప్రకారం దాని నుంచి వెండి అయాన్లు 40 పీపీబీ దగ్గర నిలకడగా దిగుతాయి. అంటే వంద కోట్ల పాళ్ల నీళ్లలో 40 పాళ్ల వెండి. బాక్టీరియాకు అది చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదం లేదని చెప్పే 100 పీపీబీలో అది సగం కూడా కాదు. పంజరం నలుసులను బయటికి పోనివ్వదు, పెచ్చు కట్టనివ్వదు, అయాన్లను మాత్రం వదులుతుంది. ఇదివరకే 2009లో టాటా కెమికల్స్ తెచ్చిన స్వచ్ ఫిల్టర్‌లో వెండి నలుసులను మోసింది వరి ఊక బూడిద. రైస్ మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే ఆ బూడిదలో సిలికా ఎక్కువ, గుంటలు ఎక్కువ. కరెంటు అక్కర్లేని ఫిల్టర్‌కు అంతకంటే చవకైన ఇల్లు దొరకదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే జనం నన్ను అడుగుతుంటారు. వెండి క్రిములను చంపుతుంది, అంతే. నల్గొండ నీళ్లలోని ఫ్లోరైడ్‌కు వెండి ఏమీ చేయలేదు. దానికి పటిక, సున్నంతో చేసే నల్గొండ పద్ధతి లాంటివి వేరే ఉన్నాయి. 'నానో' అన్న మాట చూసి ఫిల్టర్ కొనేముందు అది దేన్ని తీసేస్తుందో అడగండి.

పసుపు రంగు పోతే సరిపోదు

కాలేజీల్లో నానోకణం పని చేస్తోందని చూపించడానికి అందరూ చేసే పరీక్ష ఒకటుంది. 4-నైట్రోఫినాల్ ద్రావణంలో సోడియం బోరోహైడ్రైడ్ వేస్తే ముదురు పసుపు వస్తుంది. అలా ఎంతసేపు ఉంచినా ఆ పసుపు పోదు. బంగారు నలుసులు గానీ వెండి నలుసులు గానీ పొదిగిన ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జిగురు) పూసలు నాలుగు వేస్తే నిమిషాల్లో నీళ్లు తేటపడతాయి. నైట్రో పోయి 4-అమైనోఫినాల్ వచ్చిందన్నమాట. పారాసిటమాల్ తయారీలో చివరి మెట్టుకు ముందు పదార్థం ఇదే కాబట్టి పిల్లలకు ఇంకా ఉత్సాహం. పూసలను వడగట్టి మళ్లీ వాడొచ్చు, విడి నలుసులను అలా తీయలేం. కాంపోజిట్ వల్ల లాభం కళ్లముందే కనిపిస్తుంది.

ఈ పరీక్ష నాకూ ఇష్టమే. కానీ వేపాకు కషాయంతో వెండి చేసి, ఈ పసుపు పోగొట్టి, అక్కడితో ఆగిపోయే ప్రాజెక్టులు ఎన్నో చూశాను. బోరోహైడ్రైడ్‌ను ఎన్నో రెట్లు ఎక్కువ వేస్తే చాలా నలుసులు ఈ పరీక్ష దాటేస్తాయి. నా దగ్గరికి వచ్చే విద్యార్థులను నేను అడిగేది: పదోసారి వాడాక నలుసు పరిమాణం ఎంత? వడగట్టిన నీళ్లలో లోహం ఎంత దిగింది? జవాబు కోసం మళ్లీ ల్యాబుకు వెళ్లినవాళ్లు ఎక్కువ నేర్చుకుని తిరిగొస్తారు.

ఈ ప్రశ్నలు నాకు పుట్టింది ల్యాబులో కాదు, హైదరాబాద్ శివార్లలోని మందుల ఫ్యాక్టరీలో. అక్కడ హైడ్రోజనేషన్‌కు, అంటే అణువుకు హైడ్రోజన్ చేర్చడానికి, మామూలుగా వాడేది పల్లాడియం కార్బన్. బొగ్గుపొడి మీద 5 శాతమో 10 శాతమో పల్లాడియం నలుసులు, సగం బరువు నీళ్లతో తడిపి డ్రమ్ముల్లో వస్తుంది. చూడ్డానికి తడి కాటుక. ఆటోక్లేవ్ అనే ఒత్తిడి పాత్రలో, మిథనాల్‌లో కరిగిన ముడిపదార్థంతో కలిపి హైడ్రోజన్ ఒత్తిడి పెడతారు. పల్లాడియం తన ఘనపరిమాణానికి దాదాపు 900 రెట్లు హైడ్రోజన్‌ను మింగగలదని థామస్ గ్రాహం 1860ల్లోనే చూశాడు. హైడ్రోజన్ తీసుకోవడం ఆగితే చర్య అయినట్టు. తర్వాత గాలి తగలకుండా నైట్రోజన్ కింద, హైఫ్లో అనే వడపోత పొడి పరిచిన బెడ్ మీదుగా వడగడతారు. బెడ్ మీద మిగిలే తడి ముద్దే కేక్. నేను చేరిన కొత్తలో షిఫ్ట్ ఇన్‌చార్జి అన్న చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది: "తమ్ముడూ, కేక్ ఆరనివ్వకు. ఆరితే చెప్పకుండా అంటుకుంటుంది." హైడ్రోజన్ నిండిన నలుసులు, మిథనాల్ ఆవిరి, గాలి. డోబరైనర్ దీపం వెలిగిన తీరే ఇది, కాకపోతే ఇక్కడ వెలగకూడదు.

వడగట్టిన ద్రావణంలో పల్లాడియం ఎంత మిగిలిందన్నది అసలు పరీక్ష. నోటితో తీసుకునే మందు ద్వారా రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లాడియం శరీరంలోకి వెళ్లకూడదని అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది. నలుసు బొగ్గును వదిలి బయటికొస్తే అది మందులో కలుస్తుంది. రెండు కార్బన్లను కలిపే హెక్, సుజుకి చర్యల్లో ఇది ఇంకా తిరకాసు. 2010 నోబెల్ తెచ్చిన ఈ చర్యల్లో ఘన ఉత్ప్రేరకం వేసినా, వేడి మీద పల్లాడియం పరమాణువులు కొన్ని కరిగి ద్రావణంలోకి దిగి, అక్కడ పని చేసి, చల్లారేటప్పుడు తిరిగి బొగ్గు మీదకు చేరతాయని చాలా సందర్భాల్లో తేలింది. చల్లారాక వడగట్టి 'లోహం దిగలేదు' అని రాసుకుంటే పొరపాటు. వేడిగా ఉన్నప్పుడే వడగట్టి చూడాలి. కారులో పెరోవ్‌స్కైట్ చేసే పనిని ఇక్కడ బొగ్గు తనకు తెలియకుండానే చేస్తోంది.

హైదరాబాద్ తార్నాకలోని రసాయన పరిశోధనా సంస్థ ఐఐసీటీలో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతం బృందం 2002లో ఈ దారిలో ఒక మంచి పని చేసింది. మెగ్నీషియం, అల్యూమినియం పొరలు పొరలుగా ఉండే హైడ్రాక్సైడ్ మీద పల్లాడియం నలుసులను నిలిపారు. ఆ పొరలకు క్షార గుణం ఉంది. పల్లాడియం పెనమైతే ఆ పొరలు దానికి కింద నుంచి సెగ పెట్టినట్టు ఎలక్ట్రాన్లను అందిస్తాయి. దాంతో చవకగా దొరికే, కానీ మొండికేసే క్లోరోఎరీన్లు (బెంజీన్ లాంటి వలయానికి క్లోరిన్ తగిలిన పదార్థాలు) కూడా హెక్, సుజుకి చర్యలకు లొంగాయి. ఖరీదైన బ్రోమో, అయోడో పదార్థాల అవసరం తగ్గించే సంగతి ఇది. మోసే పదార్థం నలుసును పట్టి ఉంచడమే కాదు, దాని చేత ఎక్కువ పని చేయించగలదని మన ఊళ్లోనే చూపించారు.

ఎంత జాగ్రత్త పడ్డా నలుసు ఎప్పుడో ఒకప్పుడు పెరుగుతుంది, లేదా సల్ఫర్ పట్టి చస్తుంది. నాలుగైదు బ్యాచ్‌ల తర్వాత హైడ్రోజన్ తీసుకునే వేగం తగ్గుతుంది, ఎనిమిది గంటల పని పదహారు గంటలవుతుంది. అప్పుడు ఆ కేకును నీళ్లతో తడిపి, డ్రమ్ముల్లో నింపి, సీలు వేసి, గ్రాముతో సహా తూచి లోహం తీసే కంపెనీకి పంపుతాం. అక్కడ బొగ్గును కాల్చేస్తారు. బూడిదలో మిగిలిన పల్లాడియం ఎంతో తేల్చి మన ఖాతాకు జమ చేస్తారు. తర్వాత దాన్ని ఆమ్లంలో కరిగిస్తారు. నలుసు అన్నది లేకుండా ముదురు గోధుమ రంగు ద్రావణం మిగులుతుంది. దాన్ని కొత్త బొగ్గుపొడి మీద పోసి, కడిగి, మళ్లీ నలుసులు పుట్టిస్తారు. ఆ కడిగే నీళ్లలో క్లోరైడ్ మిగలకుండా చూసుకుంటారు.